కొత్త మాట విన్నప్పుడు పాత మాటల్లో ఏది వదులుకోవాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "నువ్వు కంప్యూటర్లవాడివి కదా, కృత్రిమ మేధ మీద మాట్లాడు, కానీ మాకు అర్థం కావాలి" అన్నారు. నేను కంప్యూటర్లవాణ్ని అన్నది సగమే నిజం. విమానాశ్రయాల్లో సామాన్లు మోసుకెళ్లే బెల్టులు ఉంటాయి చూశారా, వాటిని నడిపించే నియంత్రణ వ్యవస్థలు రాయడం నా ఉద్యోగం. ఆ పనిలో ముప్పై ఏళ్లుగా నన్ను వదలకుండా పట్టుకున్న ప్రశ్న ఒకటుంది. యంత్రానికి ఇప్పటిదాకా తెలిసినదానికి విరుద్ధంగా కొత్త సంగతి ఒకటి తెలిస్తే అది ఏం చేయాలి? కొత్తది చేర్చుకోవడం తేలికే. పాతవాటిలో ఏది తీసేయాలన్నదే చిక్కు. దీనికి తర్కశాస్త్రంలో పెద్ద అధ్యాయమే ఉంది. నమ్మకాల సవరణ అంటారు. ఇవాళ దాని గురించే చెబుతాను. ఉదాహరణలకు దూరం వెళ్లక్కర్లేదు, మన శంషాబాదే చాలు.

మన బడిలో లెక్కల సార్ బోర్డు మీద ఒక సిద్ధాంతం నిరూపించారంటే అది రుజువైనట్టే. ఆ తర్వాత మీరు ఇంకో వంద సిద్ధాంతాలు నేర్చుకున్నా మొదటిది కూలిపోదు. గణితంలో తెలివి పెరుగుతుందే గాని వెనక్కి తగ్గదు. మన రోజువారీ తెలివి అలాంటిది కాదు. "అదొక పక్షి" అని ఎవరైనా అంటే "ఎగురుతుంది" అనుకుంటాం. "అది ఈము పక్షి" అని ఇంకో మాట చేర్చగానే, ఎగురుతుందన్నది వెనక్కి తీసుకుంటాం. ఒకప్పుడు మన దగ్గర ఈము ఫారాలు పెట్టిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ పక్షులు ఎగరలేదు గాని పెట్టుబడులు ఎగిరిపోయాయి. అది వేరే కథ.

సమాచారం పెరిగితే ఒక నిర్ణయం పోవడం అన్నది పాత తర్కంలో ఇమడలేదు. 1980లో జాన్ మెకార్తీ, రేమండ్ రైటర్ లాంటివాళ్లు దీనికి కొత్త తర్కాలు రాశారు. "వేరే మాట వినేదాకా ఇలా అనుకో" అనే నియమాలను యంత్రానికి ఎలా చెప్పాలన్నది వాళ్ల ప్రయత్నం.

ఆ తర్వాత అయిదేళ్లకు, 1985లో, అసలు పత్రం వచ్చింది. రాసినవాళ్లు ముగ్గురు. అర్జెంటీనాకు చెందిన న్యాయశాస్త్ర తత్వవేత్త కార్లోస్ అల్చురోన్, స్వీడన్‌కు చెందిన పీటర్ గార్డెన్‌ఫోర్స్, ఆస్ట్రేలియాలో పుట్టిన తార్కికుడు డేవిడ్ మేకిన్సన్. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి ఆ సిద్ధాంతాన్ని ఏజీఎం అంటారు. మన సంఘం ఏజీఎం కాదు లెండి, అక్కడ ఎవరూ నమ్మకాలు మార్చుకోరు.

ఇందులో నాకు నచ్చే సంగతి ఏమిటంటే, అల్చురోన్, మేకిన్సన్ ఇద్దరూ మొదట కంప్యూటర్ల గురించి ఆలోచించలేదు. వాళ్ల ప్రశ్న చట్టాల గురించి. శాసనసభ ఒక నిబంధనను రద్దు చేసిందనుకోండి. ఆ ఒక్క వాక్యం కొట్టేస్తే సరిపోదు. మిగిలిన నిబంధనలు రెండు మూడు కలిపి చదివితే మళ్లీ అదే అర్థం వస్తుంటే అది రద్దయినట్టేనా? కాదు, వాటిలో కూడా ఏదో ఒకటి తీయాలి. ఏది తీయాలి? తర్కం "ఇవన్నీ కలిసి ఉండలేవు" అనేదాకే చెబుతుంది. ఫలానాది తీయమని చెప్పదు. ఈ చిన్న గమనిక మీదే ఆ సిద్ధాంతమంతా నిలబడింది.

మన దగ్గరి ఉదాహరణ చూద్దాం. 2008 మార్చి 23 నుంచి హైదరాబాద్ విమానాలన్నీ శంషాబాద్‌లో దిగడం మొదలైంది. ఆ ఏప్రిల్‌లో ఒక ఇంట్లో దుబాయ్ నుంచి బావ వస్తున్నాడనుకోండి. ఆ ఇంటివాళ్లకు తెలిసినవి రెండు. టికెట్ మీద హెచ్‌వైడీ అని ఉంటే విమానం హైదరాబాద్ విమానాశ్రయంలో దిగుతుంది. హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేటలో ఉంది. ఈ రెండూ కలిపితే బావ బేగంపేటలో దిగాలి. బండి అక్కడికి పంపించారు. ఇంతలో బావ ఫోన్: "నేను దిగాను, చుట్టూ పొలాలు, రాళ్లగుట్టలు కనిపిస్తున్నాయి, ఇది శంషాబాద్ అంటున్నారు." ఇప్పుడు మూడు దారులున్నాయి. హెచ్‌వైడీ అంటే హైదరాబాద్ కాదేమో. విమానాశ్రయం బేగంపేటలో లేదేమో. బావ ఆటపట్టిస్తున్నాడేమో. తర్కానికి ఈ మూడింటిలో ఏదైనా ఒకటే. మనకు మాత్రం ఒకటి కాదు. బావ ఎలాంటివాడో మనకు తెలుసు, పేపర్లో కొత్త విమానాశ్రయం గురించి చదివాం. అంటే మన నమ్మకాలన్నీ ఒకే గట్టిదనంతో లేవు. కొన్ని చివరిదాకా పట్టుకుంటాం, కొన్ని వెంటనే వదిలేస్తాం. ఆ వరుసను ముందే రాసి ఇవ్వకపోతే యంత్రం సవరణ చేయలేదని 1988లో గార్డెన్‌ఫోర్స్, మేకిన్సన్ గణితంలో చూపించారు. ఆ వరుస ఇస్తే సవరణ ఎలా జరగాలో తేలిపోతుంది. సవరణ పద్ధతి ఇస్తే లోపలున్న వరుస బయటపడుతుంది. మనుషుల విషయంలో కూడా అంతే అనిపిస్తుంది నాకు. ఎవరైనా ఇబ్బందిలో దేన్ని ముందు వదులుకున్నారో చూస్తే వాళ్లు దేన్ని గట్టిగా నమ్మారో తెలిసిపోతుంది.

ఏజీఎం చేసే పనులు మూడే. చేర్పు, అంటే పాతవాటితో తగువు లేని కొత్త మాటను కలుపుకోవడం. తీసివేత, అంటే ఒక మాటను, దాన్ని తిరిగి పుట్టించేవాటిని వదిలేయడం. సవరణ, అంటే తగువున్న కొత్త మాటకు చోటు చేసి, ఆ మేరకు పాతవి వదిలి, దాన్ని చేర్చుకోవడం. వీటన్నిటికీ పైన ఒక షరతు: వీలైనంత తక్కువ మార్చు. ఒక గోడకు పగులొచ్చిందని ఇల్లంతా కూల్చవద్దు.

ఆ షరతు ఎంత ముఖ్యమో 2014లో మనమంతా చూశాం. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. "శంషాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది" అన్న వాక్యం ఆ ఉదయం నుంచి తప్పు. దానితోపాటు ఏవేం పోవాలి? "శంషాబాద్ రంగారెడ్డి జిల్లాలో ఉంది" అన్నది ఉండాలి. "హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్ రాజధాని" అన్నది ఉమ్మడి రాజధానిగా పదేళ్లు ఉండి, 2024 జూన్ 2న పోవాలి. ఏపీ 28 నంబరు బండి రంగారెడ్డి జిల్లా బండి అన్నది ఇప్పటికీ నిజమే, ఆ ప్లేట్లు ఇంకా మన రోడ్ల మీద తిరుగుతున్నాయి. కొత్త బండ్లకు టీఎస్ 07 వచ్చింది, 2024 నుంచి టీజీ వచ్చింది. చట్టాల సంగతి ఏం చేశారంటారా? పునర్విభజన చట్టంలోనే రాశారు, ఎవరైనా మార్చేదాకా పాత చట్టాలు ఉన్న ప్రాంతాలకే ఉన్నట్టుగా వర్తిస్తాయని, కొత్త రాష్ట్రం తనకు తగ్గట్టు వాటిని మలుచుకోవడానికి రెండేళ్ల గడువు అని. ఆ రాత్రి తెల్లారేసరికి చట్టాలన్నీ మాయమై ఉంటే ఒక్క రిజిస్ట్రేషన్ కూడా జరిగేది కాదు. వీలైనంత తక్కువ మార్పు అన్న సూత్రం తార్కికుల కాగితాల్లోనే కాదు, మన గెజెట్లో కూడా ఉంది. అల్చురోన్ చూసి ఉంటే సంతోషించేవాడు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, దీని మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇంజనీర్లు కూడా దీన్ని పట్టించుకోరు. బేగంపేట విషయంలో మనం అనుకున్నది మొదటినుంచీ తప్పా? కాదు. నిన్నటిదాకా నిజం, ప్రపంచమే మారింది. అనుకున్నదే తప్పని తెలియడం ఒకటి, అనుకున్నది నిజమే అయినా లోకం మారిపోవడం మరొకటి. హిరోఫుమి కట్సునో, ఆల్బర్టో మెండెల్జోన్ అనే ఇద్దరు 1991లో ఈ రెండింటికీ లెక్కలు వేరని చూపించారు. మొదటిదాన్ని సవరణ అని, రెండోదాన్ని తాజాకరణ అని పిలుద్దాం.

తేడా ఏమిటో రన్‌వేలతో చెబుతాను. మన విమానాశ్రయంలో ప్రధాన రన్‌వే పొడవు 4260 మీటర్లు. దానికి సమాంతరంగా రెండోది ఒకటి ఉంది. ఇవాళ రెండింటిలో ఒక్కటే తెరిచి ఉందని, ఏదో తెలియదని అనుకుందాం. ఒకాయన వచ్చి "నేను చూశాను, ప్రధాన రన్‌వే తెరిచే ఉంది" అన్నాడు. అప్పుడు రెండోది మూసి ఉందని మీకు తెలిసిపోయింది. ఇది సవరణ దారి. ఇప్పుడు ఇలా మార్చండి. ఒకాయన వచ్చి "ఇప్పుడే ప్రధాన రన్‌వే తెరిపించాం" అన్నాడు. రెండోదాని గురించి మీకేం తెలిసింది? ఏమీ తెలియలేదు. ప్రధానమైనది ముందే తెరిచి ఉండి ఉంటే రెండోది మూసే ఉంటుంది, లేకపోతే ఇప్పుడు రెండూ తెరిచి ఉంటాయి. వచ్చిన వాక్యం రెండుసార్లూ "ప్రధాన రన్‌వే తెరిచి ఉంది" అన్నదే. అది చూసిన మాటా, చేసిన మాటా అన్నదాన్ని బట్టి మన నిర్ణయం మారిపోయింది. పొరపడితే విమానం దిగే చోట పొరపడ్డట్టే.

బేగంపేటను సవరణగా తీసుకున్న యంత్రం, "2007లో బావ బేగంపేటలో దిగాడు" అన్న నిజాన్ని కూడా చెరిపేస్తుంది. హెచ్‌వైడీ కోడ్ శంషాబాద్‌కు వచ్చేసింది, బేగంపేటకు బీపీఎం అని కొత్త కోడ్ ఇచ్చారు. కాబట్టి 2007 నాటి లగేజీ ట్యాగు మీద హెచ్‌వైడీ, 2009 నాటి ట్యాగు మీద హెచ్‌వైడీ రెండు వేర్వేరు చోట్లు. మన ముందున్న బెంగళూరు రోడ్డు కూడా అంతే. మేం చదువుకునేటప్పుడు అది ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. ఏడో నంబరు ఎక్కడో పంజాబ్, ఉత్తరాఖండ్‌ల్లో ఉన్న రోడ్డుకు పోయింది. తేదీ లేని నమ్మకం ఇలాంటి చోట్ల పనికిరాదు.

సరదా సంగతి ఒకటి. 2007 జనవరిలో కృత్రిమ మేధ మీద జరిగే అంతర్జాతీయ మహాసభ, ఐజేకాయ్ అంటారు, ఇరవయ్యోది, మన హైదరాబాద్‌లోనే జరిగింది. నమ్మకాల సవరణ మీద పని చేసేవాళ్లకు కలుసుకునే పెద్ద వేదికల్లో అదొకటి. ఆ సభకు విమానంలో వచ్చినవాళ్లంతా బేగంపేటలో దిగారు, అదే సమయంలో ఇక్కడ శంషాబాద్‌లో వాళ్ల నమ్మకాన్ని పాతది చేసే పని సిమెంటుతో జరుగుతోంది.

విమానయానం ఈ సమస్యను తర్కశాస్త్రం కంటే ముందే తన పద్ధతిలో పరిష్కరించుకుంది. ప్రతి దేశం తన విమానాశ్రయాల వివరాలన్నీ ఒక పుస్తకంగా ప్రచురిస్తుంది, వాటిలో ముఖ్యమైన మార్పులు 28 రోజులకోసారి, ముందే నిర్ణయించిన తేదీల్లో అమల్లోకి వస్తాయి. మధ్యలో వచ్చే అత్యవసర సంగతులకు నోటమ్ అనే నోటీసు ఉంటుంది. ఫలానా లైటు పని చేయడం లేదు, ఫలానా చోట క్రేన్ పెట్టారు, ఇలాంటివి. నోటమ్‌లు మూడు రకాలు. ఎన్ అంటే కొత్తది, ఆర్ అంటే పాతదాని బదులు వచ్చేది, సీ అంటే పాతదాన్ని రద్దు చేసేది. చేర్పు, సవరణ, తీసివేత! ఏజీఎం పత్రం చదివిన రోజు ఈ పోలిక తట్టి నేను కుర్చీలోంచి లేచాను. ఇంకా గొప్ప సంగతి, ఆర్ గాని సీ గాని పంపేవాళ్లు ఏ పాత నోటమ్ పోతోందో దాని నంబరు తప్పనిసరిగా రాయాలి. ఎప్పటినుంచి అన్నది కూడా రాయాలి. అంటే కొత్త మాట చెప్పేవాడే, ఏ పాత మాట చెల్లదో కూడా చెప్పాలి. వినేవాడి ఊహకు వదలరు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ నియమం పెడితే సగం మంది మౌనవ్రతం పాటిస్తారు.

కానీ లోకమంతా నోటమ్‌ల మీద నడవదు. ఏది పోవాలో యంత్రం తనే తేల్చుకోవాల్సిన చోట్లుంటాయి. అక్కడ అవసరమయ్యేది "ఎందుకు నమ్మాం" అన్న లెక్క. 1979లో అమెరికాలో జాన్ డోయల్ అనే ఆయన దీనికి ఒక పద్ధతి రాశాడు. దాన్ని నేను మీకు రెండు ముక్కల్లో చెప్పగలను, ఎందుకంటే శంషాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొన్నవాళ్లెవరికైనా అది తెలుసు: లింకు డాక్యుమెంట్లు. మీ పేరు మీద రిజిస్ట్రేషన్ ఉందంటే సరిపోదు. మీకు అమ్మినవాడికి ఎవరు అమ్మారు, అతనికి ఎవరు అమ్మారు, ఆ గొలుసంతా ఉండాలి. మధ్యలో ఒక దస్తావేజు చెల్లదని తేలితే, దాని మీద ఆధారపడ్డ కొనుగోళ్లన్నీ వరసగా ఊగుతాయి. దానితో సంబంధం లేని పక్క ప్లాటుకు ఏమీ కాదు. డోయల్ పద్ధతిలో ప్రతి నమ్మకానికీ ఒక లింకు డాక్యుమెంటు ఉంటుంది. ఆధారం పోతే దాని మీద నిలిచినవే పోతాయి. అదే విషయానికి ఇంకో ఆధారం ఉంటే నమ్మకం నిలుస్తుంది. ఆధారాలు దాచుకోకుండా నిర్ణయాలు మాత్రం దాచుకున్న యంత్రం, లింకు డాక్యుమెంట్లు పారేసుకున్న ప్లాటు యజమాని లాంటిది. తగువు రానంతకాలం దర్జాగానే ఉంటాడు.

నా పనిలో ఇది రోజూ ఎదురయ్యేదే. బెల్టుకు ఒక పక్క సెన్సర్, ఎదుట అద్దంలాంటి రిఫ్లెక్టర్ ఉంటాయి. సెన్సర్ వదిలిన కాంతి తిరిగి వస్తే దారి ఖాళీ, రాకపోతే పెట్టె అడ్డుగా ఉందని లెక్క. కొన్ని క్షణాలు దాటినా కాంతి రాలేదంటే పెట్టె ఇరుక్కుందని అనుకుని బెల్టు ఆపేయాలి. ఇప్పుడు చిక్కు చూడండి. మొదటి సెన్సర్ "పెట్టె ఇక్కడే ఉంది" అంటోంది. ముందున్న రెండో సెన్సర్ "సరిగ్గా అంతే పొడవున్న పెట్టె నా ముందు నుంచి ఇప్పుడే వెళ్లింది" అంటోంది. ఒకే పెట్టె రెండు చోట్ల ఉండదు. ఏది వదలాలి? పెట్టె పొడవు కొలిచి మరీ చెప్పింది కాబట్టి రెండోదాని మాట గట్టిది. మొదటిదాని మాటకు ఆధారం ఏమిటని వెనక్కి వెళ్తే, "నా రిఫ్లెక్టర్ శుభ్రంగా ఉంది" అని ఎవరూ పరీక్షించకుండా అనుకున్న మాట దొరుకుతుంది. అదే వదులుకోవాలి. దుమ్ము పట్టిందేమో చూడమని మనిషిని పంపాలి. యాంత్రిక లోపాలను ఇలా నమ్మకాల తగువుగా చూడడం 1987లో రైటర్ ఒక పత్రంగా, డి క్లీర్, విలియమ్స్ కలిసి మరో పత్రంగా రాశారు.

బెల్టు ఆగితే ప్రయాణికులు తిట్టుకుంటారు, అంతే. అన్ని చోట్లా అంతటితో పోదు. 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో, 2019 మార్చి 10న ఇథియోపియాలో రెండు బోయింగ్ 737 మాక్స్ విమానాలు కూలి మొత్తం 346 మంది చనిపోయారు. విమానం ముక్కు ఎంత కోణంలో గాలిని ఎదుర్కొంటోందో చెప్పే సెన్సర్లు ఆ విమానానికి రెండున్నాయి. కానీ ముక్కును కిందికి దించే ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ ఒకసారికి ఒకదాని మాటే వినేలా తయారైంది. ఆ ఒక్కటి తప్పు చెబితే, పక్కనే ఉన్న రెండోది వేరేలా చెబుతున్నా, దానికి తగువు ఉందన్న సంగతే తెలియదు. పైలట్లు ముక్కును పైకి లాగితే అది మళ్లీ కిందికి దించింది. విరోధం గుర్తించడమనేది సవరణకు మొదటి మెట్టు. ఆ మెట్టే లేదక్కడ. తర్వాత చేసిన మార్పులో రెండు సెన్సర్లనూ పోల్చి, వాటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే ఎంకాస్ పని చేయకుండా కట్టడి చేశారు.

ఈ మార్పు వివరాలు చదివినప్పుడు నాకు మన అన్నంభట్టు గుర్తొచ్చాడు. 17వ శతాబ్దపు తెలుగువాడు. న్యాయశాస్త్రం, అంటే ఇక్కడ తర్కమే, నేర్చుకోవాలనుకునే ప్రతివాడికీ మొదటి పాఠ్యపుస్తకం ఆయన రాసిన తర్కసంగ్రహం. కాశీకి పోయి వచ్చినంత మాత్రాన అన్నంభట్టు అయిపోరని ఒక పాత నానుడి కూడా ఉంది. హేతువు ఎన్ని రకాలుగా చెడిపోతుందో ఆయన చెప్పినవాటిలో రెండు మనకిక్కడ కావాలి. ఒకటి బాధితం. నిప్పు చల్లగా ఉంటుంది, ఎందుకంటే అదీ నీళ్లలాగే ఒక ద్రవ్యం అని ఎవరైనా వాదిస్తే, ముట్టుకుంటే తెలిసిపోతుంది. గట్టి ప్రమాణం ముందు బలహీనమైన అనుమానం ఓడిపోవాలి. ఏజీఎంవాళ్లు చెప్పిన గట్టిదనపు వరుస ఇదే కదా. రెండోది సత్ప్రతిపక్షం. ఒక హేతువు ఔనంటుంది, అంతే బలమున్న ఇంకో హేతువు కాదంటుంది. అప్పుడు రెండింటిలో ఏదీ నెగ్గదు, నిర్ణయం చేయకూడదు. రెండు సెన్సర్లు పొసగనప్పుడు ఎంకాస్ ఊరుకోవాలి అన్నది సరిగ్గా సత్ప్రతిపక్షమే. మన పెద్దలకు అన్నీ ముందే తెలుసు అనే ప్రసంగం నేను చేయడం లేదు. వాళ్లకు సాఫ్ట్‌వేర్ తెలియదు. వాదంలో ఎప్పుడు ఆగాలో మాత్రం తెలుసు.

ఏజీఎంలో నాకు మొదటినుంచీ మింగుడు పడని సూత్రం ఒకటుంది. కొత్త మాట వచ్చిందంటే అది తప్పకుండా నమ్మకాల్లో చేరాల్సిందే అంటుంది. తగ్గాల్సింది ఎప్పుడూ పాతవే. పంచతంత్రంలో మేకను భుజాన వేసుకుని పోయే బ్రాహ్మణుడి కథ మీకు తెలుసు. దారిలో ముగ్గురు దొంగలు ఒకరి తర్వాత ఒకరు ఎదురై "అయ్యా, కుక్కను మోస్తున్నారేమిటి" అంటారు. ఆయన మొదటివాణ్ని కసురుకున్నాడు, రెండోవాడి దగ్గర సందేహించాడు, మూడోవాడి దగ్గర మేకను వదిలేశాడు. ఏజీఎం సూత్రాన్ని అక్షరాలా పాటించే యంత్రమైతే మొదటి దొంగ దగ్గరే వదిలేస్తుంది! ఆ బ్రాహ్మణుడే నయం. ఈ లోపాన్ని తర్వాతివాళ్లు గుర్తించి, కొత్త మాటను కూడా తూకం వేసి, అవసరమైతే తిప్పిపంపే పద్ధతులు రాశారు. వరసగా మాటలు వస్తుంటే ప్రతిసారీ గట్టిదనపు వరుస ఎలా మారాలో 1997లో అద్నాన్ దర్విష్, జూడియా పెర్ల్ రాశారు. అది గణితం ఎక్కువ, ఇక్కడ వదిలేస్తాను.

ఈ కథ చెప్పింది మీ ఫోన్లలో ఉన్న చాట్‌బాట్ల కోసం. వాటిలో ఏజీఎం చెప్పే వాక్యాల జాబితా లేదు, డోయల్ చెప్పిన లింకు డాక్యుమెంట్లు లేవు. కోట్ల పేజీలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో నేర్చుకున్న అంకెలున్నాయి. 2014కు ముందు రాసిన పేజీలు, తర్వాత రాసినవి అన్నీ ఆ అంకెల్లో కలిసిపోయాయి. 2022లో కొందరు పరిశోధకులు అలాంటి నమూనాలో కొన్ని అంకెలు సరిగ్గా వెతికి మార్చి, ఈఫిల్ టవర్ రోమ్ నగరంలో ఉందని దానిచేత అనిపించారు. గొప్ప పనే. కానీ ఆ తర్వాత జరిగిన పరీక్షల్లో, ఇలా ఒక సంగతి మారిస్తే దానితో ముడిపడ్డ సంగతులు చాలాసార్లు సరిగా మారలేదని తేలింది. ఒక్క వాక్యం కొట్టేస్తే చాలదని అల్చురోన్ చట్టాల గురించి అన్నమాట ఇక్కడ మళ్లీ ఎదురైంది.

ఇంకో గుణం కూడా పరిశోధకులు కొలిచి చూశారు. చాట్‌బాట్ సరైన జవాబు చెప్పాక మీరు కారణం ఏమీ చెప్పకుండా "కాదు, తప్పు" అంటే, అది చాలాసార్లు "క్షమించండి, మీరన్నదే నిజం" అని జవాబు మార్చేస్తుంది. మేకను దించేస్తుంది. మర్యాద ఎక్కువై కాదు. మీ మాటకూ తన మాటకూ వెనక ఏ ఆధారముందో తూచడానికి దాని దగ్గర తక్కెడ లేదు. కొత్త నమూనాల్లో ఇది తగ్గించే ప్రయత్నం జరుగుతోంది. జవాబుతోపాటు పత్రాలు వెతికి తెచ్చి చూపించే ఏర్పాట్లు కూడా వచ్చాయి, అవి లింకు డాక్యుమెంట్ల వైపు ఒక అడుగు. తెచ్చిన పత్రాల్లో ఒకటి 2013ది, ఒకటి 2024ది అయితే ఏది నెగ్గాలన్న పాత ప్రశ్న అలాగే ఉంది.

ఇక్కడున్న టీచర్లకు ఒక మనవి. మీ పిల్లలు హోంవర్కు దానిచేత చేయిస్తున్నారని మీకు తెలుసు, వాళ్లకు కూడా మీకు తెలుసని తెలుసు. ఒకరోజు క్లాసులోనే ఈ ఆట ఆడించండి. మన ఊరి గురించి మీకు బాగా తెలిసిన ప్రశ్న అడగమనండి. సరిగ్గా చెబితే, "తప్పు" అని ఊరికే అనమనండి. తర్వాత అదే ప్రశ్న అడిగి ఈసారి ఒక అబద్ధపు కారణం చెప్పమనండి, ఆపైన నిజమైన కారణం చెప్పమనండి. మూడు సందర్భాల్లో అది దేన్ని వదులుకుందో, వదులుకున్నప్పుడు దాంతోపాటు ఇంకేం మార్చిందో నోటు పుస్తకంలో రాయించండి. తొమ్మిదో తరగతి పిల్లలు చక్కగా చేయగలరు.

ప్రసంగం అయ్యాక ఒక చెల్లెలు లేచి మంచి ప్రశ్న వేసింది, ఈ సంచికలో అది కూడా చేర్చమన్నారు. "అన్నా, మేకను కుక్క అన్నది ముగ్గురు కదా. ముగ్గురు చెబితే నమ్మడం సబబే కదా?" అంది. ఆ ముగ్గురూ ఒకరినొకరు ఎరగనివాళ్లయితే సబబే. చెట్టు కింద కూర్చుని ముందే మాట్లాడుకుని వచ్చినవాళ్లయితే ముగ్గురి మాటా ఒక్కరి మాట కిందే లెక్క. ఒకే మెసేజ్ పది గ్రూపుల్లో వస్తే పది సాక్ష్యాలు కావు. నా బెల్టు సెన్సర్లలో కూడా ఒకే విద్యుత్ సరఫరా మీద నడిచే రెండింటిని నేను రెండుగా లెక్కపెట్టను, ఆ సరఫరాలో తేడా వస్తే రెండూ కలిసే అబద్ధం చెబుతాయి. మాటల సంఖ్య చూడకుండా వాటి లింకు డాక్యుమెంట్లు ఎంత దూరం వెనక్కి వెళ్లి ఎక్కడ కలుస్తున్నాయో చూడాలన్నాను. "మరి చాట్‌బాట్ చదివిన కోట్ల పేజీల్లో ఎన్ని ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి?" అని వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. ఆ లెక్క తీసే పని ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. ఆ అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉందట, నా ఫోన్ నంబరు తీసుకుంది.